ఉచిత బూడిద ఖరీదెంత?

నీళ్ళలో భారలోహాల గురించి ఎక్కడ చర్చ మొదలైనా పరిష్కారం ముందే సిద్ధంగా ఉంటుంది. థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద గుట్టలు పడి ఉన్నాయి. ఉక్కు కర్మాగారాల దగ్గర స్లాగు ఉంది. అల్యూమినా కర్మాగారాల దగ్గర ఎర్ర బురద ఉంది. ఇటు చూస్తే నీళ్ళలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం. ఆ చెత్తతో ఈ విషాన్ని పట్టేస్తే ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ముడిసరుకు ఉచితం, ఫలితం తొంభై తొమ్మిది శాతం, ఊరికో ప్లాంటు పెట్టడమే తరువాయి. ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులు మొదలుకొని ‘చెత్త నుంచి సంపద’ ఉపన్యాసాల దాకా వినిపించే వాదన ఇదే. వినడానికి ఇంపుగానే ఉంటుంది. లెక్క మాత్రం తప్పు.

ఖమ్మం జిల్లా వైరా లాంటి చోట ఈ వాదన మరీ తేలిగ్గా చెల్లుబాటవుతుంది. నిజాం కాలంలో కట్టిన వైరా జలాశయం ఇటు పొలాలను తడుపుతూ, అటు బోడేపూడి సుజల స్రవంతి గొట్టాల గుండా ఊళ్ళ ట్యాంకులు నింపుతోంది. ఈశాన్యంగా కొత్తగూడెం దాటితే పాల్వంచ, అక్కడ కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, కేటీపీఎస్. 1960ల చివర్లో మొదలైన ఆ కేంద్రంలో 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. అయినా అయిదు, ఆరు, ఏడు దశలు కలిపి 1,800 మెగావాట్లు మిగిలే ఉన్నాయి. మరికాస్త పైకి పోతే మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం. కాల్చేది బొగ్గు, మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, బూడిదే. ఒక పక్క బూడిద, ఒక పక్క మంచినీళ్ళు. రెంటినీ కలపమని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ ఏముంటుంది?

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. ఈ రసాయన శాస్త్రంలో మోసం లేదు. బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. దాన్ని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే జియోలైటు అనే స్ఫటికం తయారవుతుందని జర్మనీకి చెందిన హోలర్, విర్షింగ్ 1985లోనే చూపించారు. జియోలైటు లోపలి సన్నని గదుల్లో సోడియం వదులుగా కూర్చుని ఉంటుంది. సీసమో, కాడ్మియమో ఎదురైతే దానికి చోటు ఇచ్చి తాను బయటికి పోతుంది. స్లాగులోని సున్నం నీటి క్షారత్వాన్ని పెంచి లోహాలను అడుగుకు దించేస్తుంది. ఎర్ర బురదలోని ఇనుప ఆక్సైడు ఆర్సెనిక్‌ను అంటిపెట్టుకుంటుంది. ఇవన్నీ నిజాలే. ప్రయోగశాలలో నిజమైనది ఊరి ట్యాంకు దగ్గర ఎంతవరకు నిలుస్తుందన్నదే తగువు.

మొదట ఆ తొంభై తొమ్మిది శాతం సంగతి చూద్దాం. ఇలాంటి ప్రయోగాల పద్ధతి దాదాపు ఒక్కటే. స్వేదన జలంలో లెడ్ నైట్రేటు కలుపుతారు. లీటరుకు యాభయ్యో వందో మిల్లీగ్రాముల సీసం ఉండేలా చూస్తారు. గాజు కుప్పెలో చిటికెడు జియోలైటు వేసి, షేకర్ మీద గంటసేపు ఊపి, మిగిలిన సీసాన్ని కొలుస్తారు. అంకె బ్రహ్మాండంగా వస్తుంది. రాకపోతే ఆశ్చర్యపోవాలి, ఆ కుప్పెలో సీసానికి పోటీ వచ్చేది ఏదీ లేదు. పైగా లీటరుకు వంద మిల్లీగ్రాముల నుంచి ఒక మిల్లీగ్రాముకు తగ్గిస్తే తొంభై తొమ్మిది శాతం పోయినట్టే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటిలో అనుమతించే సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. తొంభై తొమ్మిది శాతం విజయం సాధించిన ఆ నీళ్ళలో అనుమతించిన దానికి వంద రెట్ల సీసం ఉంటుంది.

బోరు నీళ్ళ కథ వేరు. వాటిలో సీసం ఉంటే గింటే లీటరుకు 0.02 మిల్లీగ్రాము స్థాయిలో ఉంటుంది. కాల్షియం ఎనభై మిల్లీగ్రాములున్నా ఎవరూ విడ్డూరంగా చూడరు. పరమాణువుల లెక్కన చూస్తే ఒక సీసానికి ఇరవై వేల కాల్షియాలు. జియోలైటుకు కాల్షియం కంటే సీసం మీద మక్కువ ఎక్కువన్నది వాస్తవమే. కానీ ఇరవై వేల మంది తోసుకొస్తున్న వాకిట్లో ఆ ఒక్కడికి చోటు ఎన్నాళ్ళు దొరుకుతుందో కుప్పె ప్రయోగం చెప్పదు. నెలల తరబడి, నిజమైన బోరు నీళ్ళతో, గొట్టంలో నింపిన పొర మీద పరీక్షిస్తే తప్ప తేలదు. ప్రచారంలోకి వచ్చే అంకెల్లో అలాంటివి అరుదు.

రెండో తప్పు ‘భారలోహాలు’ అని అన్నింటినీ ఒకే గంపలో వేయడం. జియోలైటు చట్రానికి ఉండేది రుణావేశం. అది ధనావేశం ఉన్న సీసాన్ని, కాడ్మియాన్ని, రాగిని పిలిచి కూర్చోబెడుతుంది. ఆర్సెనిక్ నీళ్ళలో అలా ఉండదు. ఆవేశం లేకుండానో, రుణావేశంతోనో తిరుగుతుంది. అత్యంత ప్రమాదకరమైన ఆరు సంయోజకతల క్రోమియం క్రోమేటు రూపంలో, అదీ రుణావేశంతోనే, ఉంటుంది. ఏ మార్పూ చేయని జియోలైటు వీటిని తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తుంది. ఖమ్మం జిల్లా బోర్లలో కొన్నిచోట్ల ఎప్పటి నుంచో ఉన్న ఫ్లోరైడు సంగతీ అంతే. అది భారలోహమే కాదు. ఏ ఊరి నీళ్ళలో ఏ విషం ఉందో తేల్చకుండా ఫిల్టరు అమ్మేవాడికీ, నాడి చూడకుండా మందు రాసేవాడికీ పెద్ద తేడా లేదు.

ఏది ఉందో తేల్చడం కూడా చెప్పినంత తేలిక కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్ళు తిరిగి పడిపోయారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయనగానే తాగునీళ్ళ మీద వేలు పడింది. తర్వాత పరిశీలన పురుగుమందుల వైపు మళ్ళింది. దేశంలోని పెద్ద సంస్థలన్నీ దిగినా కారణం కోసం వారాల తరబడి వెతకాల్సి వచ్చింది. అలాంటిది పత్తి, మిర్చి చేలకు ఏటా మందులు కొట్టే వైరా చుట్టుపక్కల ఊళ్ళకు, నీటి పరీక్ష ఊసెత్తకుండా లోహాల ఫిల్టరు ప్రతిపాదించడం ఏ శాస్త్రం?

ఇక ‘ఉచితం’ అన్న మాట. బూడిద ఉచితమే కావచ్చు, జియోలైటు కాదు. దిగుబడి బాగా రావాలంటే బూడిదను కాస్టిక్ సోడాతో కలిపి 550 నుంచి 600 డిగ్రీల దాకా కాల్చి, నీళ్ళు చేర్చి, గంటల తరబడి ఉడికించాలి. ఈ పద్ధతిలో కిలో బూడిదకు సుమారు 1.2 కిలోల కాస్టిక్ సోడా పడుతుంది. అంటే చెత్త కంటే మందే ఎక్కువ. తయారైన సరుకును కడిగిన నీళ్ళు మళ్ళీ చర్మం ఒలిచేంత క్షారంగా ఉంటాయి. వాటిని శుద్ధి చేయడానికి ఇంకో ఏర్పాటు కావాలి.

కాస్టిక్ సోడా ఎక్కడి నుంచి వస్తుంది? ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే వస్తుంది. ఆధునిక కర్మాగారంలో టన్నుకు రెండు వేల రెండు వందల యూనిట్లు అటూ ఇటూ ఖర్చవుతాయి. టన్ను బూడిదకు కావలసిన 1.2 టన్నులకు 2,640 యూనిట్లు. అది బొగ్గు కరెంటయితే, యూనిట్‌కు 650 గ్రాముల చొప్పున 1,700 కిలోల బొగ్గు. అందులో 35 శాతం బూడిద అనుకుంటే సుమారు 600 కిలోలు. పాల్వంచలో ఒక టన్ను బూడిదను వదిలించుకోవడానికి ఇంకో చోట ఆరు వందల కిలోల కొత్త బూడిద పుడుతుందన్నమాట. అదే కర్మాగారంలో క్లోరిన్ కూడా తయారవుతుంది కాబట్టి కరెంటులో సగం దాని ఖాతాకు పోనిచ్చినా మూడు వందల కిలోలు మిగులుతాయి. ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘ముడిసరుకు ఖర్చు: సున్నా’ అని రాసిన గడి పక్కన ఈ గడి ఎందుకు కనిపించదు?

కాల్చకుండా, ఉడికించకుండా బూడిదనే నేరుగా వాడవచ్చు కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఖర్చు తప్పుతుంది నిజమే, లోహాన్ని పట్టే శక్తీ బాగా తగ్గిపోతుంది. అంతకు మించిన చిక్కు ఇంకోటి ఉంది. బూడిద శుభ్రమైన సరుకు కాదు. బొగ్గులో అణుమాత్రంగా ఉన్న ఆర్సెనిక్, సెలీనియం, క్రోమియం, బోరాన్, మాలిబ్డినం బొగ్గు కాలిపోయాక బూడిదలో చిక్కబడతాయి. నీళ్ళు తగిలితే, ముఖ్యంగా క్షార నీళ్ళయితే, కొంత కొంతగా ఊరుతూ బయటికి వస్తాయి. సీసాన్ని పట్టే పొరే ఆర్సెనిక్‌ను వదిలితే ఆ నీళ్ళను ఏమని పిలవాలి? ఇవాళ్టి బూడిద రేపటి బూడిదలా ఉండదన్నది ఇంకో సమస్య. గని మారితే, బొగ్గు పొర మారితే, బాయిలర్ వేడి మారితే కూర్పు మారిపోతుంది. ఇటుకకు ఆ తేడా పట్టింపు లేదు. తాగే నీటికి ప్రతి లోడునూ పరీక్షించి తీరాలి. ఆ పరీక్షల ఖర్చునూ ‘ఉచితం’ పద్దులోనే కలపాలా?

రెండో పిట్ట మాట చూద్దాం. బూడిద సమస్య తీరిపోతుందన్నది. ఒక లెక్క వేసుకుంటే సరిపోతుంది. మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళో తాగడానికి, వంటకు మనిషికి రోజూ పది లీటర్లు. మొత్తం 30 వేల లీటర్లు. ఆ నీళ్ళలో లీటరుకు 50 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉందనీ, దాన్ని పదికి దించాలనీ అనుకుందాం. రోజుకు తీసేయాల్సింది 1.2 గ్రాములు, ఏడాదికి 438 గ్రాములు. కిలో పదార్థం ఒక్క గ్రామే పట్టినా ఆ ఊరికి ఏడాదికి 440 కిలోలు చాలు. వెయ్యి ఊళ్ళకు 440 టన్నులు. కేటీపీఎస్ ఏడో దశలోని 800 మెగావాట్ల ఒక్క యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు దాదాపు పది వేల టన్నుల బొగ్గు కాలుతుంది. మూడున్నర వేల టన్నుల బూడిద వస్తుంది. వెయ్యి ఊళ్ళ ఏడాది ఫిల్టర్లకు కావలసింది ఆ ఒక్క యూనిట్ మూడు గంటల బూడిద. మిగిలిన ఏడాదంతా వచ్చేది ఎక్కడికి పోవాలి?

అది ఎక్కడికి పోతోందో అందరికీ తెలుసు: సిమెంటులోకి, ఫ్లైయాష్ ఇటుకల్లోకి, రోడ్ల కట్టల్లోకి, పాడుబడ్డ గనుల్లోకి, పల్లపు నేలల్లోకి. బూడిద వినియోగంపై కేంద్ర పర్యావరణ శాఖ 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 డిసెంబరు 31న దాన్ని మరింత బిగించింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో 2021-22లో దేశం మొత్తం మీద సుమారు 27 కోట్ల టన్నుల బూడిద వస్తే 96 శాతం దాకా వాడేశారు. అంటే ‘వృథాగా పడి ఉన్న బూడిద’ అన్న ఎత్తుగడే పాతబడింది. మిగిలిన అసలు గండం పాత బూడిద చెరువులు. 2020 ఏప్రిల్‌లో సింగ్రౌలి దగ్గర సాసన్ ప్లాంటు బూడిద చెరువు కట్ట తెగి మనుషులే కొట్టుకుపోయారు. ఆ బురద రిహాంద్ జలాశయం దారి పట్టింది. అలాంటి ముప్పును గాజు కుప్పెల్లోని జియోలైటు గింజలు ఒక్క అంగుళం కూడా తగ్గించలేవు.

ఇక అందరూ దాటవేసే ప్రశ్న ఒకటుంది. పట్టుకున్న విషం ఎక్కడికి పోతుంది? అధిశోషణం విషాన్ని మాయం చేయదు, ఒక చోట పోగేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఊరి ట్యాంకు కింద ఆర్సెనిక్ పట్టిన పొడి 440 కిలోలు ఉంటుంది. దాన్ని పంచాయతీ ఏం చేయాలి? సర్టిఫికెట్ కోసం చేసే మామూలు లీచింగ్ పరీక్ష, అంటే పట్టిన విషం మళ్ళీ ఎంత ఊరుతుందో చూసేది, ఆమ్ల ద్రవంలో జరుగుతుంది. చెత్త గుంతల్లో గాలి తగలని, అంత ఆమ్లం కాని వాతావరణంలో ఆర్సెనిక్ అంతకు మించి ఊరుతుందని పరిశోధకులు ఎప్పుడో చూపించారు. నిబంధనల ప్రకారం పోవాలంటే ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. అలాంటిది హైదరాబాద్ శివార్లలో దుండిగల్ దగ్గర ఉంది. వైరా నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. లారీ కిరాయి ఎవరిది, రుసుము ఎవరిది? జవాబు లేకపోతే ఆ పొడి ఏదో ఒక వానాకాలం వాగు గట్టున తేలుతుంది. పాల్వంచ చెరువులో కంపెనీ పూచీ మీద ఉన్న బూడిద, ఫిల్టరు వేషం వేసుకుని, ఊరి పూచీ మీద వాగు గట్టుకు చేరుతుంది. చౌక అన్న మాటకు అర్థం అదే: ఖర్చు తగ్గలేదు, ఖాతా మారింది.

ఇవి ఊహాగానాలు కావు. పశ్చిమ బెంగాల్‌లోని బారుయిపూర్‌లో పదకొండు తయారీ సంస్థల 19 ఆర్సెనిక్ తొలగింపు యంత్రాలను పెట్టి రెండేళ్ళు గమనించారు. 2005లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 మైక్రోగ్రాముల లోపు నీళ్ళను నికరంగా ఇచ్చింది ఒక్కటీ లేదు. అప్పటి భారతీయ పరిమితి 50ని చివరిదాకా నిలబెట్టుకున్నవి రెండే. అవి చెత్తతో చేసినవి కూడా కావు, కొనుక్కున్న మంచి సరుకుతో చేసినవి. రసాయనం పనిచేసింది. పొర మార్చే మనిషి, కడిగే మనిషి, కొలిచే మనిషి లేకుండా పోయారు.

తెలుగు నేల మీద అనుభవం ఇంకా దగ్గరిది. పటిక, సున్నంతో ఫ్లోరైడును దించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970ల్లో రూపొందించింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. చౌక, స్థానికం, సులభం. ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళిన పేరు అది. అయినా నల్గొండ పల్లెల్లో వంకర కాళ్ళ తరాలు పుడుతూనే వచ్చాయి. రోజూ మోతాదు చూసి పటిక కలపడం, అడుగున మిగిలిన బురదను దూరంగా పారబోయడం ఇంటింటా ఏళ్ళ తరబడి సాగే పని కాదు. అక్కడ పరిస్థితి మారింది నీళ్ళు శుద్ధి చేయడం వల్ల కంటే నీళ్ళే మార్చడం వల్ల, కృష్ణా జలాలు గొట్టాల్లో వచ్చాక. వైరాకు ఆ పాఠం మరీ వర్తిస్తుంది. దగ్గర్లో జలాశయం ఉన్న ఊరికి మొదటి రక్షణ ఆ జలాశయాన్ని చెడిపోకుండా చూసుకోవడం.

అలాగని పారిశ్రామిక వ్యర్థాలతో చేసిన పదార్థాలు దేనికీ పనికిరావనడం కూడా తప్పే. బంగ్లాదేశ్‌లో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన అబుల్ హుసాం తయారుచేసిన సోనో అనే ఆర్సెనిక్ ఫిల్టరుకు 2007లో అమెరికా ఇంజనీరింగ్ అకాడమీ పది లక్షల డాలర్ల బహుమతి ఇచ్చింది. దాని గుండెకాయ లేత్ మిషన్ల దగ్గర రాలే పోత ఇనుము రజను. అచ్చమైన పారిశ్రామిక వ్యర్థమే. కానీ ఆ రజనులో ఏముందో లేత్ వర్కర్ కూడా చెప్పగలడు. బూడిదలో ఏముందో పరీక్ష చేస్తే తప్ప కేటీపీఎస్ ఇంజనీరు కూడా చెప్పలేడు. తేడా అక్కడుంది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో అశోక్ గాడ్గిల్ బృందం బూడిదనే నమ్ముకుని మొదలైంది; థర్మల్ కేంద్రాల అడుగు బూడిదకు ఇనుప హైడ్రాక్సైడు పూత పూసి ఆర్సెనిక్‌ను పట్టింది. తర్వాత 2016లో కోల్‌కతా దగ్గరి ధప్‌ధపి హైస్కూలులో రోజుకు పది వేల లీటర్ల ప్లాంటు నిలబెట్టేటప్పటికి అందులో బూడిద లేదు. ఇనుప పలకలకు కరెంటు ఇచ్చి తుప్పు పుట్టించి, ఆ తుప్పుతో ఆర్సెనిక్‌ను పట్టే పద్ధతి ఉంది.

వ్యర్థ పదార్థాలు రాణించే చోటు ఇంకొకటి ఉంది. అమెరికాలోని అపలాచియన్ బొగ్గు ప్రాంతంలో పాత గనుల నుంచి ఊరే ఆమ్ల నీటికి ఉక్కు స్లాగు పరుపులు పరిచారు. మంచినీళ్ళు స్లాగు మీదుగా పారి క్షారాన్ని ఎక్కించుకుంటాయి. వెళ్ళి ఆమ్ల నీటిలో కలిసి లోహాలను దించేస్తాయి. అక్కడ లోహాల మోతాదు ఎక్కువ, కాబట్టి ఇలాంటి పదార్థాలకు చేతినిండా పని. ఆ నీళ్ళను ఎవరూ నేరుగా తాగరు, కాబట్టి అటూ ఇటూ అయితే సవరించుకునే వ్యవధి ఉంటుంది. ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు మురుగు గొట్టం దగ్గరైనా, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక వాడలో ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గరైనా ఇదే సూత్రం. విషం చిక్కగా ఉన్నచోట పట్టడం తేలిక. వాగులో కలిసి పలచబడి బోరులోకి దిగాక పట్టబోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

ఇంకో మాట కూడా అడగాలి. ఈ చౌక ఫిల్టర్ల ప్రతిపాదన ఎప్పుడూ పల్లెలకే ఎందుకు వస్తుంది? హైదరాబాద్ జూబ్లీహిల్స్‌కు వెళ్ళే మంచినీళ్ళను థర్మల్ బూడిద మీదుగా వడకడదామని ఏ సదస్సులోనూ ఎవరూ అనరు. బూడిద పుట్టించే కరెంటు నగరానికి పోతుంది. బూడిద ఏజెన్సీ అంచున మిగులుతుంది. దాన్ని మళ్ళీ ఆ ఊళ్ళ నీళ్ళ ట్యాంకుల్లోకే పంపడాన్ని ఆవిష్కరణ అని పిలుస్తున్నారు. పేదవాడికి తక్కువ ఖర్చుతో మంచినీళ్ళు అందాలనడం వేరు, తక్కువ రకం భరోసాతో అందినా చాలుననడం వేరు.

కనుక బూడిదతో చేసిన జియోలైటు మీద నిజంగా నమ్మకం ఉన్నవారికి పాల్వంచలోనే పరీక్షా స్థలం ఉంది. కేటీపీఎస్ కిన్నెరసాని జలాశయం నీళ్ళు తీసుకుంటుంది. ఆ వాగు దిగువన గోదావరిలో కలుస్తుంది. బూడిద చెరువు నుంచి పొర్లే నీటికి మొదట ఆ ఫిల్టరు పెట్టాలి, ఖర్చు విద్యుత్ సంస్థే భరించాలి. ఎండాకాలం, వానాకాలం కలిపి కనీసం ఏడాది నడపాలి. లోపలికి వెళ్ళే నీళ్ళలో, బయటికి వచ్చే నీళ్ళలో సీసంతో పాటు ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ ఎంతెంత ఉన్నాయో నెలనెలా ఊళ్ళ పంచాయతీ బోర్డుల మీద తెలుగులో రాయాలి. వాడేసిన పొడి ఎన్ని కిలోలు, ఏ లారీలో, ఎక్కడికి వెళ్ళిందో ఆ పక్కనే ఉండాలి. కాస్టిక్ సోడా బిల్లు, కడిగిన నీటి శుద్ధి బిల్లు, దుండిగల్ రుసుము కలిపి వెయ్యి లీటర్లకు ఎంత పడిందో ఆఖరు వరుసలో వేయాలి. ఆ బోర్డు చూశాక వైరా ట్యాంకు సంగతి మాట్లాడుకోవచ్చు.